లేచినకాన్నుంచి చెప్పు

టెస్టోస్టిరోన్ అన్న మాటను నా గదిలో ఏ మగవాడూ నోటితో పలకలేదు. తాకత్ సూది అన్నారు, బలం మందు అన్నారు. ఒకాయన "గదే మేడం, గదే" అని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. కరీంనగర్‌లో హార్మోన్ల డాక్టరుగా కూర్చున్న కొత్తలో, తలుపు తీసి, కుర్చీలో ఆడమనిషిని చూసి, "డాక్టర్ సాబ్ లేడా" అని అడిగినవాళ్ళు ఎందరో. నేనే డాక్టరునంటే షుగరు చూపించుకుని వెళ్ళిపోయేవారు. షుగరు లేనివాళ్ళు కూడా చూపించుకున్నారు పాపం. కొన్నాళ్ళకు వాళ్ళే తిరిగి వచ్చి, ఈసారి భార్యను ముందు కూర్చోబెట్టి, అసలు సంగతి ఆమెతో చెప్పించేవారు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ వైద్యంలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీ అనుభవం చెప్పండి మేడం అంటారు. మందుల పేర్లు, మోతాదులు మీకు నాకంటే బాగా తెలుసు. అవి నేను చెప్పను. పుస్తకంలో దొరకనివి కొన్ని చెబుతాను, వింటే వినండి.

పని ఏమిటో ముందు అనుకుందాం. కొందరు మగవాళ్ళ శరీరం మగ హార్మోనును తయారుచేసుకోలేదు. దెబ్బ తగిలో, జబ్బు చేసో, ఆపరేషన్ వల్లో అది ఆగిపోతుంది. దాన్ని మనం బయటి నుంచి ఇస్తాం, సూదిగానో, ఒంటికి రాసుకునే పూత మందుగానో. ఇవ్వడం సులువే. రక్తంలో అది మరీ దిగకుండా, మరీ ఎక్కకుండా ఏళ్ళ తరబడి కాపాడటమే కష్టం. దిగితే మనిషి నీరసించిపోతాడు, ఎముకలు గుల్లబారతాయి, దేని మీదా మనసు నిలవదు. ఎక్కితే రక్తం చిక్కబడుతుంది, ఇంట్లో కయ్యాలు మొదలవుతాయి. ఇక ఏ లోపమూ లేకుండా కండల కోసం అడిగే కుర్రాళ్ళు వేరే. వాళ్ళను నేను తిట్టి పంపాను, మీరూ తిట్టి పంపండి. బయటి నుంచి హార్మోను పోస్తే లోపలి కార్ఖానా మూతపడుతుందని, రేపు పిల్లలు కావాలనుకున్నప్పుడు ఏడుస్తారని చెప్పి మరీ తిట్టండి.

మా సారు

నేను ఈ పని నేర్చుకున్నది ఒక పెద్ద డాక్టరు దగ్గర. మంచివాడని చెప్పను. పేషెంట్ల ముందే మా మీద అరిచేవాడు. ఆడపిల్లలకు హార్మోన్ల వైద్యం ఎందుకు, కాన్పులు చూసుకోక అని నా మొహం మీదే అన్నాడు. దానికి ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని అడిగేవాడు: "పొద్దున లేచినకాన్నుంచి చెప్పు."

లేచినప్పటి నుంచి ఆస్పత్రికి వచ్చేదాకా ఏం చేశావో అన్నీ చెప్పాలి. మధ్యలో అడ్డు రాడు. అంత కోపిష్టి మనిషి అప్పుడు మాత్రం చెవి ఒగ్గి వినేవాడు. అంకె రక్తంలో ఎంత ఉందో చెబుతుంది, ఆ అంకె ఎట్లా వచ్చిందో ఆ మనిషే చెప్పాలి అనేవాడు. ఆయన కోపం నాకు కొంత అంటింది. ఈ ప్రశ్న మాత్రం పూర్తిగా అంటింది.

ఓదెలు అని నస్పూర్ నుంచి వచ్చేవాడు, బొగ్గు బావిలో పని. హార్మోను బాగా తక్కువ ఉన్నట్టు రిపోర్టు, రెండుసార్లు చేయించినదే. పుస్తకంలో రాసినట్టు పొద్దున ఎనిమిదింటికే రక్తం తీశారు. సూది రాయించుకుని, కొనుక్కుని, నా చేత పొడిపించుకుందామని వచ్చాడు. పొద్దున లేచినకాన్నుంచి చెప్పు అన్నాను.

"లేచుడేంది మేడం, నేనింకా పండుకోలే" అన్నాడు.

రాత్రి షిఫ్టు దిగి, బావి నుంచి నేరుగా ల్యాబుకు వెళ్ళేవాడు. రెండుసార్లూ అంతే. ఈ హార్మోను నిద్రలో పెరిగి, లేచేసరికి పైన ఉంటుంది. పుస్తకం పొద్దున అన్నది నిద్ర లేచిన మనిషి కోసం. గోడ మీద గడియారానికి పొద్దున అయింది గానీ ఓదెలు ఒంటికి కాలేదు. పగటి షిఫ్టు వచ్చినప్పుడు, నాలుగు రోజులు కంటినిండా పడుకుని రమ్మన్నాను. ఈసారి అంకె నిక్షేపంగా ఉంది. సూది వద్దు, రేకుల ఇంట్లో పగలు పడుకునే గదికి మందపాటి పరదా కట్టుకో అని చెప్పాను. గింత దూరం వస్తే పరదా చెప్తదా అని, నేను పనికిరాని డాక్టర్నని నస్పూరంతా చెప్పాడట. చెప్పుకోనీ.

మెట్‌పల్లిలో బట్టల దుకాణం ఉన్న యూసుఫ్ భాయ్‌కి మాత్రం నిజంగానే సూది అవసరం. ఆయన వేయించుకునేది మూడు వారాలకోసారి వేసేది. పొడిచిన కొత్తలో మందు ఒక్కసారిగా ఎక్కుతుంది, చివరికి అడుగంటుతుంది. ఆయన ప్రతిసారీ పొడిపించుకున్న మర్నాడే, ఒంట్లో హుషారుగా ఉన్నప్పుడే పరీక్ష చేయించుకుని, ఆ కాగితం తెచ్చి గర్వంగా చూపించేవాడు. ఆయన బేగం పక్కన కూర్చుని ఒకటే మాట చెప్పింది. "పహలా వారం పులి, ఆఖరి వారం పిల్లి. నడుమ రెండు దినాలే మనిషి, డాక్టరమ్మా." రెండు సూదుల నడిమధ్యన పరీక్ష చేయించాలని పుస్తకం చెప్పేది దీని గురించే. మోతాదు తగ్గించి దగ్గర దగ్గరగా ఇచ్చాం. తర్వాత వచ్చినప్పుడు ఆమె నాకు సేమియా డబ్బా తెచ్చింది. యూసుఫ్ భాయ్‌కి అందులో ఒక చెంచా కూడా పెట్టలేదని ఆయన ఫిర్యాదు.

రాజేశం బిడ్డ

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. రాజేశం సంగతి అట్లాంటిది కాదు.

పిల్లల డాక్టరొకాయన ఒక పాపను నా దగ్గరకు పంపాడు. పేరు సహస్ర, నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. అమ్మానాన్నలు మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు. తల్లి సునీత పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, తండ్రి రాజేశం గోడ దగ్గర నిలబడ్డాడు. కుర్చీ చూపించినా రాలేదు.

పాపకు బుగ్గల మీద మొటిమలు. చంకలో వెంట్రుకలు. పెద్దవాళ్ళ చెమట వాసన. అంగన్‌వాడీలో తోటి పిల్లలకంటే చాలా ఎత్తయిపోయిందట. గొంతు కూడా బొంగురుపోతోందని సునీత చెప్పింది. రక్తంలో మగ హార్మోను ఆ వయసు పిల్లకు ఉండకూడనంత ఉంది. మూత్రపిండాల మీద ఉండే గ్రంథుల్లో గడ్డ పుడితే ఇట్లా అవుతుంది. పిల్లల డాక్టరు అదే అనుమానించి స్కాన్ చేయించాడు. గడ్డ కనబడలేదు. కనబడలేదంటే లేదని కాదు, హైదరాబాద్ పోయి ఇంకా పెద్ద పరీక్షలు చేయించాలి, అవసరమైతే పొట్ట తెరిచి చూస్తారు అని చెప్పాడట. చుట్టాలేమో ఎవరో ఏదో చేశారని తాయెత్తు కట్టించారు. అది పాప మెడలో ఉంది.

పాప మాత్రం ఇవేవీ పట్టనట్టు ఒక నీలం గళ్ళ తువ్వాలను చెంప కింద పెట్టుకుని, బొటనవేలు నోట్లో వేసుకుని నిద్రపోతోంది.

ఇట్లాంటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అడిగాను. ఇంట్లో ఎవరైనా మగ హార్మోను మందు వాడుతున్నారా అని. గోడ దగ్గర నుంచి రాజేశం చెప్పాడు.

"నేనే మేడం. పూత మందు. కాని నేను పిల్లను ముట్టుకుంటలేను."

పాప పుట్టిన ఏడాదికి అతని మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో గడ్డ తేలింది. నగరంలో ఒక ఆస్పత్రిలో తీసేశారు. ప్రాణం దక్కింది గానీ హార్మోను ఆగిపోయింది. రోజూ పొద్దున భుజాలకు రాసుకునే మందు ఇచ్చారు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసి ఇచ్చారు. చేతులు సబ్బుతో కడుక్కో, మందు ఆరనీ, ఆరాక అంగీ తొడుక్కో, మందు రాసిన చోటు పిల్లకు తగలనీకు.

అతను అన్నీ పాటించాడు, అడిగినదానికంటే ఎక్కువ పాటించాడు. తగలనీకు అన్నారు కదా అని పిల్లను ఎత్తుకోవడమే మానేశాడు. అది పరుగెత్తుకొస్తే పక్కకు జరిగేవాడట. ఈ మాట చెప్పేటప్పుడు సునీత అతని వైపు చూడలేదు.

అయినా అతని రిపోర్టులు చూద్దామని తీసుకున్నాను. విచిత్రంగా ఉన్నాయి. అంత మందు రాసుకుంటున్నవాడికి రక్తంలో హార్మోను తక్కువే ఉంది. ఫోనులో రిపోర్టు పంపితే ఆస్పత్రివాళ్ళు మోతాదు పెంచారు. మళ్ళీ తక్కువే వచ్చింది, మళ్ళీ పెంచారు. మనిషిని పిలిచి అడిగినవాడు లేడు. పిల్లలూ, ఫోనులో అంకె చూసి మోతాదు మార్చేవాళ్ళతో నాకు ఎప్పుడూ పడలేదు. అంకె తగ్గితే మందు పెంచడానికి డాక్టరు ఎందుకు, దుకాణంవాడు చాలు.

తండ్రి కాగితం, బిడ్డ కాగితం పక్కపక్కన పెట్టాను. తండ్రిలో ఉండాల్సింది తండ్రిలో లేదు. బిడ్డలో ఉండకూడనిది బిడ్డలో ఉంది. ముట్టుకోనే ముట్టుకోలేదని తండ్రి అంటున్నాడు, అతను అబద్ధం చెప్పడం లేదు. రెండు కాగితాలనూ బోర్లా పెట్టాను.

"రాజేశం, ఇట్ల వచ్చి కూసో. పొద్దున లేచినకాన్నుంచి చెప్పు" అన్నాను.

తువ్వాల

అతను చెప్పడం మొదలుపెట్టాడు. లేస్తాడు, తానం చేస్తాడు, పిల్ల లేవకముందే వెనక గదిలోకి పోయి మందు రాసుకుంటాడు, చేతులు రెండుసార్లు కడుక్కుంటాడు. వెంటనే మగ్గాల షెడ్డుకు పోవాలి, షెడ్డు ఇంటిని ఆనుకునే ఉంది. మందు ఆరేదాకా ఆగితే మగ్గం ఆగుతుంది. తడి భుజాలతో షెడ్డులోకి పోతే గాలిలో ఎగిరే దూది నూగంతా ఒంటికి అంటుకుని దురద పెడుతుంది. అందుకని మందు మీద తువ్వాల కప్పుకుని, దాని మీద అంగీ తొడుక్కుంటాడు. నూగు పడదు, అంగీకి మరక కాదు, మందు పిల్లకు తగలదు. అన్నిటికీ పనికొచ్చే ఉపాయమని అతని లెక్క.

చాయ్ వేళకు తువ్వాల తీసి భుజాలు తుడుచుకుని, ఇంట్లో కొయ్యకు తగిలిస్తాడు.

"తువ్వాల ఎప్పుడు పిండుతవమ్మా?" అని సునీతను అడిగాను. వారానికోసారి ఉతుకుతానంది. రోజూ తీసుకుందామంటే పిల్ల ఇవ్వదట.

"ఎందుకియ్యది?"

"అది లేకుంటె పండుకోది మేడం. బాపు ఎత్తుకుంటలేడని రోజూ ఒక్కతీరుగ ఏడ్చేటిది. బాపు వాసన వస్తదని నేనే గా తువ్వాల ఇచ్చిన. పొద్దుగాల మళ్ల తీసి కొయ్యకేస్త."

రాజేశం ఆమె ఒళ్ళోకి చూశాడు. నీలం గళ్ళ తువ్వాల, దాని మీద పాప చెంప. అతని మగ్గం మీద నేసినదే అది.

"మేడం" అన్నాడు. "గా తువ్వాలేనా?"

నేను అవునని చెప్పకముందే సునీత దాన్ని లాగేసింది. పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. ముగ్గురం ఉన్న గదిలో ఆ పిల్ల తువ్వాల కోసం చేతులు చాచి ఏడుస్తుంటే ఇచ్చేవాళ్ళం ఎవరమూ లేము. ఇన్నేళ్ళ పనిలో నాకు అంత బరువుగా అనిపించిన క్షణం ఇంకొకటి లేదు.

భుజాల్లోకి ఇంకవలసిన మందు సగం తువ్వాలలోకి పోతోంది, అందుకే అతని అంకె తక్కువ. అంకె తక్కువని మోతాదు పెంచిన కొద్దీ తువ్వాలకు ఎక్కువ అంటుతోంది. అది రోజూ మధ్యాహ్నం, రాత్రీ పిల్ల చెంప కింద ఉంటోంది. జాగ్రత్తల కాగితం రాసినవాడు అంగీ సంగతి రాశాడు, తువ్వాల సంగతి రాయలేదు. రాసినవాడి భుజం మీద తువ్వాల లేదు, అందుకని తోచలేదు. నేను అతన్నీ పెద్దగా తప్పుపట్టను. కానీ మీరు రాసేటప్పుడు ఎదుటివాడి భుజం మీద ఏముందో ఒకసారి చూసి రాయండి.

హైదరాబాద్ పోవద్దన్నాను. పూత మందు ఆ రోజే ఆపించాను. తువ్వాల పారేయమన్నాను, దుప్పట్లు, దిండు గలీబులు ఉడకబెట్టి ఉతకమన్నాను. పాపలో చేరింది మెల్లగా దిగిపోతుంది, ఎముకలు వయసుకంటే కొంచెం ముందు నడిచాయి, వాటిని కొన్నేళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, అంతే అని చెప్పాను. రాజేశాన్ని వారంలో రమ్మన్నాను, సూది మందు మొదలుపెడదామని. నీ తప్పు ఏమీ లేదని కూడా చెప్పాను. విన్నాడో లేదో తెలియదు, తల మాత్రం ఊపాడు.

భుజం

వారంలో రాలేదు. పాపను సునీత ఒక్కతే తీసుకొచ్చేది. పాప అంకె దిగుతోంది, మొటిమలు మాడిపోతున్నాయి. ఆయన ఏడి అంటే పనుందన్నది, తర్వాత ఊరికి పోయిండన్నది. కబురు పెట్టినా రాలేదు. మేడం పిల్ల రిపోర్టు తండ్రికే చెప్తానన్నదని నా పేరు మీద అబద్ధమాడి సునీతే అతన్ని ఒకరోజు పట్టుకొచ్చింది. ఆ అబద్ధం నాకు నచ్చింది.

అతన్ని చూస్తే జాలి వేసింది. మొహం పాలిపోయి, గడ్డం పలచబడి, మగ్గం ముందు నిలబడలేక బాబినులు చుట్టే పనికి మారాడట. నడుము నొప్పి. హార్మోను అడుగంటింది. సూదికి ఎందుకు రాలేదంటే తల వంచుకుని చెప్పాడు.

"మందు లేకుంటె నాకే గద మేడం. పిల్లకేం గాదు గద."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపమే బయటపెట్టాను, అది అలవాటు. ఇట్లాగే ఉంటే రెండేళ్ళలో నీ వెన్నెముక విరుగుతుంది, అప్పుడు మంచం మీద ఉన్న నీకు గంజి పోసేది ఆ పిల్లే, ఆమెకు నువ్వు చేసే మేలు ఇదేనా అని అడిగాను. అతను చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఈ సూది చేతికి కాదు, తుంటికి అన్నాను. సునీత ఫక్కున నవ్వింది. అతను నవ్వలేదు, కానీ లేచి నర్సు వెంట పోయాడు.

యూసుఫ్ భాయ్ దగ్గర నేర్చుకున్నట్టే చిన్న మోతాదు, దగ్గర దగ్గరగా ఇచ్చాం. రెండు సూదుల నడిమధ్యన పరీక్ష. కొన్ని నెలలకు అంకె ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చింది, రక్తం చిక్కబడలేదు. మొహంలో కళ వచ్చింది, మళ్ళీ మగ్గం ఎక్కాడు. కాగితం చూసి ఇక్కడితో మన పని అయిందనుకునే డాక్టర్లు ఉంటారు. నేను కాగితం బోర్లా పెట్టి అతన్ని చూశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. సహస్ర తల్లి కొంగు పట్టుకుని నిలబడి అతన్నే చూస్తోంది.

"పిల్లనెత్తుకుంటున్నవా?" అన్నాను.

లేదన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"సూది మందు చెమటల వస్తదా మేడం?"

"రాదు."

"అంగీకి? దుప్పటికి?"

"రాదు రాజేశం. సూది మందు పోయి నీ లోపల్నే ఉంటది. నీ ఒంటి మీద ఇప్పుడు మందు లేదు. ఫికర్ చెయ్యకు, పిల్లనెత్తుకో."

అతను లేచి, మూలనున్న కుళాయి దగ్గరకు పోయి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. అక్కర్లేదని చెప్పబోయి ఊరుకున్నాను. తుడుచుకోవడానికి చెయ్యి అలవాటుగా భుజం మీదకు పోయింది. అక్కడ తువ్వాల లేదు. అది పారేసిన రోజు నుంచి ఇంకొకటి వేసుకోలేదట. అంగీకే తుడుచుకుని, పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

పాప వెంటనే రాలేదు. అలవాటు తప్పింది కదా. తల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చి, అతని భుజం మీద ముక్కు ఆనించి వాసన చూసింది. చూసి, అదే భుజం మీద చెంప పెట్టేసి, బొటనవేలు నోట్లో వేసుకుంది. రాజేశం ఆమెను ఎత్తుకుని లేచాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గదిలోనే ఆ గోడ నుంచి ఈ గోడకు మెల్లగా నడుస్తున్నాడు, చూస్తుండగానే పిల్ల నిద్రపోయింది.

బయట జనం చాలాసేపటి నుంచి గొణుగుతున్నారని నర్సు తలుపు తీసి చెప్పింది. గొణుక్కోనీ అన్నాను.